బీఎడ్ మూడో సెమిస్టర్: బడి, కాలేజీ, రికార్డులు అన్నీ ఎలా సర్దుకుంటున్నారు?

మందారం_22 (బీఎడ్ రెండో సంవత్సరం, బయాలజీ మెథడ్)

అందరికీ నమస్కారం. దసరా సెలవులు అయిపోయాయి. వచ్చే సోమవారం నుంచి మాకు ఇంటర్న్‌షిప్. మాది ఖమ్మం జిల్లా. ఊరికి కాస్త దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్ ఇచ్చారు, రెండు బస్సులు మారాలి.

మొదటి సంవత్సరంలో మైక్రో టీచింగ్ అంతా మా క్లాస్‌మేట్ల ముందే చేశాం. ఒక్కో నైపుణ్యానికి ఐదారు నిమిషాల పాఠం. పిల్లలుగా కూర్చునేది మా ఫ్రెండ్సే కాబట్టి ఏ ప్రశ్న అడిగినా టకీమని జవాబు వచ్చేసేది. ఇప్పుడు నిజమైన ఎనిమిదో తరగతి. సెక్షన్‌లో నలభై మంది దాకా ఉంటారట.

రికార్డుల గురించి ఇంకా పెద్ద దిగులు. మా కాలేజీ ఇచ్చిన పాఠ్య పథకం ఫార్మాట్ లక్ష్యాలు, స్పష్టీకరణల (పిల్లలు ఏం చేయగలగాలో విడమర్చి రాసే వాక్యాల) పద్ధతిలో ఉంది. బడిలో మాత్రం విద్యా ప్రమాణాల ప్రకారం పీరియడ్ ప్లాన్ రాస్తారని సీనియర్లు అంటున్నారు. రెండూ రాయాలా? అబ్జర్వేషన్ రికార్డు, కేస్ స్టడీ, టీఎల్ఎం (చార్టుల్లాంటి బోధన సామగ్రి) ఇవన్నీ వేరే ఉన్నాయి. ఇంట్లో ఏమో "టెట్‌కి ఎప్పుడు చదువుతావు?" అని అడుగుతున్నారు. ఈ దశ దాటినవాళ్లు మొదటి రెండు వారాలు ఎలా గడిపారో చెప్తారా?

పాఠం_చెప్పనా (బీఎడ్ అయిపోయింది, డీఎస్సీ ప్రిపరేషన్)

చెల్లీ, ముందు ఒక మంచి నోట్‌బుక్ కొనుక్కో. ఫెయిర్ రికార్డులో నేరుగా రాయొద్దు. అన్నీ రఫ్‌లో రాసి, గైడ్ టీచర్‌కి చూపించి, పాఠం చెప్పాక మార్పులు చేసి, అప్పుడు ఫెయిర్ చెయ్యి. అయితే ఆ ఫెయిర్ ఏ వారానిది ఆ వారమే అయిపోవాలి. మా బ్యాచ్‌లో చాలామంది ఇంటర్న్‌షిప్ చివర్లో రాత్రుళ్లు కూర్చుని చెప్పని పాఠాలకు కూడా ప్లాన్లు రాశారు. అలా రాసిన దాంట్లో ఒక్క పిల్లవాడి మాట కూడా ఉండదు.

సుద్దముక్క (స్కూల్ అసిస్టెంట్, బయాలజీ)

అమ్మా మందారం, ఏటా మా బడికి ట్రైనీలు వస్తారు. నేను గైడ్ టీచర్‌గా ఉంటాను. ఆ వైపు నుంచి చెప్తాను.

మొదటి వారం అబ్జర్వేషన్ అని ఇస్తారు కదా, చాలామంది దాన్ని ఖాళీ వారం అనుకుంటారు. వెనక బెంచీలో కూర్చుని, నా పాఠం పేరు రాసుకుని, "ఉపాధ్యాయుడు బాగా బోధించారు" అని నింపేస్తారు. దయచేసి అలా చెయ్యొద్దు. నన్ను చూడటం తగ్గించి పిల్లలను చూడు. ప్రశ్న అడిగినప్పుడు ఎవరు చెయ్యెత్తుతున్నారు, ఎవరు పక్కవాడి నోట్సులోకి చూస్తున్నారు, ఎవరు పుస్తకమే తెరవలేదు. పుస్తకం తెరవని పిల్ల దగ్గరికి విరామంలో వెళ్లి మెల్లగా ఒక పేరా చదివించు. ఎనిమిదో తరగతిలో కూడా వాక్యం కూడబలుక్కుని చదివేవాళ్లు కనిపిస్తారు. ఆ సంగతి తెలియకుండా "సూక్ష్మజీవుల ప్రపంచం" ఎంత అందంగా చెప్పినా వాళ్ల వరకు వెళ్లదు.

పేర్లు నేర్చుకో. హాజరు పట్టీ చూసి కాదు, కూర్చునే వరుస ప్రకారం ఒక కాగితం మీద బెంచీలు గీసి ఒక్కో పేరు రాసుకో. "ఏయ్, చివరి బెంచీ" అని పిలిచే టీచర్‌కీ, పేరు పెట్టి పిలిచే టీచర్‌కీ పిల్లల దగ్గర ఉండే మర్యాదలో చాలా తేడా ఉంటుంది. మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడు, వడ్డించడానికి ఒక చెయ్యి వెయ్యి. తరగతిలో నోరు విప్పని పిల్లలు అక్కడ మాట్లాడతారు.

ఇంకొకటి. ఇప్పుడు మీ జిల్లాలో పత్తి తీతలు. వారం రోజులు కనిపించని పిల్లలను "రెగ్యులర్‌గా రాడు" అని కేస్ స్టడీలో రాసేయకు. ఎందుకు రావడం లేదో అడుగు. వచ్చిన రోజు పోయిన పాఠం ఎక్కడి నుంచి అందించాలో చూడు. నీ కేస్ స్టడీకి అంతకన్నా మంచి విషయం దొరకదు.

కృష్ణాతీరం (బీఎడ్ రెండో సంవత్సరం, తెలుగు, సోషల్ మెథడ్లు, గుంటూరు)

సుద్దముక్క సార్ చెప్పింది చదివి మనసుకు ధైర్యం వచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక చదువులోకి వచ్చాను. పొద్దున వంట, పిల్లల బడి, నా బడి, సాయంత్రం రికార్డు. నా పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. రేపటి పాఠం ఈరోజు బస్సులో చదువుతాను. టీఎల్ఎం ఆదివారం ఒక్క పూటలో వారానికంతటికీ చేసేస్తాను. మా పెద్దమ్మాయి రంగులు వేస్తుంది.

మాకు సోషల్ పుస్తకం ద్విభాషా పుస్తకం, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. 2020-21 నుంచి మా దగ్గర ఇలా వస్తున్నాయి. నేను గమనించింది ఏమిటంటే పిల్లలు తెలుగు పేజీలో అర్థం చేసుకుని, జవాబు మాత్రం ఇంగ్లిష్ పేజీలోంచి చూసి రాస్తారు. ఏం రాశావని అడిగితే చెప్పలేరు. అందుకని నేను జవాబు ముందు నోటితో తెలుగులో చెప్పించి, తర్వాత బోర్డు మీద ఐదారు ఇంగ్లిష్ మాటలు ఇచ్చి వాటితో వాళ్లనే వాక్యాలు చేయమంటున్నాను. తప్పులు చాలా వస్తాయి. అయినా ఆ వాక్యం వాళ్లది.

మెథడ్_సార్ (బీఎడ్ కాలేజీ లెక్చరర్)

ఫార్మాట్ గొడవ గురించి రాస్తున్నాను. ఇది ప్రతి బ్యాచ్‌నీ బాధపెడుతుంది, నిజానికి అంత బాధ అక్కర్లేదు.

కాలేజీ ఫార్మాట్‌కి మూలం బ్లూమ్ అనే విద్యావేత్త చేసిన బోధన లక్ష్యాల వర్గీకరణ, 1956 నాటిది. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని లక్ష్యాలు రాసి కింద స్పష్టీకరణలు రాస్తాం. బడి పుస్తకాల్లో ఉన్నవి విద్యా ప్రమాణాలు. జీవశాస్త్రంలో అవి ఏడు: విషయావగాహన, ప్రశ్నించడం–పరికల్పన చేయడం, ప్రయోగాలు–క్షేత్ర పరిశీలనలు, సమాచార నైపుణ్యాలు–ప్రాజెక్టు పనులు, బొమ్మలు గీయడం–నమూనాలు తయారు చేయడం, ఆపైన అభినందన–విలువలు, నిజజీవిత వినియోగం. పక్కపక్కన పెట్టి చూడమ్మా. జ్ఞానం, అవగాహన రెండూ విషయావగాహనలో కలుస్తాయి. నైపుణ్యం కింద రాసేది ప్రయోగాలు, బొమ్మల దగ్గరికి వెళ్తుంది. వినియోగం నిజజీవిత వినియోగంలోకి వస్తుంది. కాలేజీ ఫార్మాట్‌లో విడిగా చోటు లేనిది ప్రశ్నించడం. పిల్లలు అడిగే ప్రశ్నలకు మన పాత ప్లాన్‌లో గడే లేదు, అన్నీ మనం అడిగే ప్రశ్నలే. దాన్ని నువ్వే ఒక వరుసగా చేర్చుకో. ఏ ఎగ్జామినర్ కూడా దానికి మార్కులు తగ్గించడు.

కాబట్టి పాఠం ఒక్కటే ఆలోచించు. రఫ్ పుస్తకంలో విద్యా ప్రమాణాల ప్రకారం రాసి గైడ్ టీచర్‌కి చూపించు, దాన్నే కాలేజీ ఫార్మాట్‌లోకి మార్చి రికార్డులో రాయి. ఎన్ని పాఠాలు, ఎన్ని రికార్డులు అన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది, మీ రెగ్యులేషన్స్ కాగితం దగ్గర పెట్టుకో.

రాత్రిబస్సు (బీఎడ్ రెండో సంవత్సరం, మ్యాథ్స్)

అందరూ బడికి వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తూ బీఎడ్‌లో చేరాను. ఇంటికి నా జీతమే ఆధారం, నాన్నకు పని లేదు. చేరేటప్పుడు "రావక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, ఇంటర్న్‌షిప్ సంతకాలు మేం చూసుకుంటాం" అన్నారు. ఇప్పుడు దానికి విడిగా డబ్బులు అడుగుతున్నారు. చాలామంది ఇలాగే పూర్తి చేశారు. కట్టేయనా?

పాఠం_చెప్పనా

తమ్ముడూ, నీ పరిస్థితి అర్థమైంది, నిన్ను తప్పు పట్టను. కానీ కట్టొద్దు. రేపు డీఎస్సీలో ఉద్యోగం వచ్చిందనుకో, మొదటి రోజే నలభై మంది ముందు నిలబడాలి. అప్పుడు పక్కన గైడ్ టీచర్ ఉండరు. మన తడబాటుకు నష్టపోయేది ఆ పిల్లలు. వాళ్లలో చాలామందికి ట్యూషన్ పెట్టించే స్తోమత కూడా ఉండదు. వాళ్లకు ఉన్నది మనమే.

మెథడ్_సార్

రాత్రిబస్సు గారూ, ఇది మీ ఒక్కరి సమస్య కాదు. ఈ పద్ధతిని నడిపేవాళ్ల మీద నాకు చాలా కోపం ఉంది. పేద విద్యార్థి అవసరాన్ని వ్యాపారం చేసుకుంటున్నారు. నియమం స్పష్టంగా ఉంది. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల ప్రకారం కోర్సు పనికి 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో కలిపి 20 వారాల ఇంటర్న్‌షిప్, అందులో కనీసం 16 వారాలు రెండో సంవత్సరంలోనే. డబ్బు తీసుకున్నవాళ్లు రేపు తనిఖీ వస్తే మీ వెనక నిలబడరు.

మీకు తెలియాల్సిన ఇంకో విషయం ఉంది. అదే నిబంధనల్లో ఈ రెండేళ్ల కోర్సును చేరినప్పటి నుంచి మూడేళ్లలోపు పూర్తి చేసే వీలుంది. ఇప్పుడు సెలవు దొరకకపోతే వచ్చే బ్యాచ్‌తో ఇంటర్న్‌షిప్ చేయొచ్చేమో మీ యూనివర్సిటీలో రాతపూర్వకంగా అడగండి. ఈలోపు నాలుగు డబ్బులు వెనకేసుకోవడానికి సమయం దొరుకుతుంది. దూరవిద్య బీఎడ్ ఇగ్నోలో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉంది కానీ అది డీఎల్ఎడ్ (ప్రైమరీ టీచర్ కోర్సు) లాంటి శిక్షణ ముందే పొందినవాళ్ల కోసం, మీకు కుదరదు.

రాత్రిబస్సు

సార్, మూడేళ్ల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. రేపు యూనివర్సిటీకి వెళ్లి అడుగుతాను. చాలా థ్యాంక్స్.

అడవితంగేడు (డీఎల్ఎడ్ రెండో సంవత్సరం, ఆదిలాబాద్ జిల్లా)

నేను డీఎల్ఎడ్, ప్రైమరీ. ఇక్కడంతా హైస్కూల్ మాటలే ఉన్నాయి కాబట్టి మా సంగతి కొంచెం చెప్తాను. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు బీఎడ్ వాళ్లు ప్రైమరీ టీచర్ పోస్టులకు అర్హులు కారని చెప్పాక మా కోర్సు మీద మళ్లీ గౌరవం పెరిగింది. మాకు అదొక బాధ్యతగా కూడా అనిపిస్తోంది.

నాకు ఇచ్చింది గోండు గూడెంలో బడి. ఇద్దరే టీచర్లు, ఐదు తరగతులు. ఒకే గదిలో ఒకటీ రెండూ తరగతుల పిల్లలు కూర్చుంటారు. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్ పేజీ. మా డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో) నేర్చుకున్న ఒక తరగతి పాఠ్య పథకం ఇక్కడ పని చేయలేదు. మా గైడ్ మేడమ్ గోండి వచ్చిన నాలుగో తరగతి పిల్లలను చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టి, బొమ్మ చూపించి ముందు వాళ్ల మాటలో కథ చెప్పించారు. అదే కథ మేడమ్ తెలుగులో చెప్పారు. అప్పటిదాకా నా వైపు చూడని పాప లేచి వచ్చి బొమ్మలోని మేకను పట్టుకుని ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు, పక్కన పిల్ల తెలుగులో చెప్పింది, వాళ్లింట్లో మేక ఈనిందట. మరుసటి రోజు పాఠం ఆ మేక మీదే పెట్టాం.

తొలిమెట్టు అని ప్రైమరీలో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం ఉంది, దాని కింద పిల్లలను చదివే స్థాయిని బట్టి గుంపులు చేస్తారు. ఎనిమిదో తరగతిలో కూడా చదవలేని పిల్లలు ఉన్నారని సుద్దముక్క సార్ అన్నారు కదా, ఆ పిల్లలు మా దగ్గర్నుంచే వస్తారు. అందుకే ప్రైమరీని తక్కువగా చూడొద్దని నా మనవి.

సుద్దముక్క

అడవితంగేడు తల్లీ, నూటికి నూరు పాళ్లు నిజం చెప్పావు.

కృష్ణాతీరం

క్లాస్ కంట్రోల్ గురించి ఎవరూ చెప్పలేదు. నాకు అదే కష్టంగా ఉంది. మా గైడ్ టీచర్ గదిలో ఉన్నంతసేపు బాగానే ఉంటారు, ఆయన స్టాఫ్‌రూమ్‌కి వెళ్లగానే గోల. "బీఎడ్ మేడమే కదా" అంటారు. పక్క గది టీచర్ వచ్చి బెత్తం ఇచ్చి వెళ్లారు.

పాఠం_చెప్పనా

అక్కా, ఆ బెత్తం టేబుల్ మీద కూడా పెట్టొద్దు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. చట్టం సరే, అసలు సంగతి ఏమిటంటే కొట్టిన టీచర్‌ని పిల్లలు ప్రశ్న అడగరు.

నాకు పనికొచ్చినవి చెప్తాను. గోల మొదలయ్యే చోటు దాదాపు ఎప్పుడూ మనం బోర్డు వైపు తిరిగి ఎక్కువసేపు రాసినప్పుడే. కాబట్టి రాసేటప్పుడు పక్కకు తిరిగి నిలబడు, ఒక కన్ను తరగతి మీద ఉండాలి. రెండు వాక్యాలు రాయి, ఆగు, ఒకరితో చదివించు. పెద్ద బొమ్మ అయితే పీరియడ్‌కి ముందే గీసిపెట్టుకో. గొంతు పెంచకు, గోల ఎక్కువైతే మాట ఆపేసి నిలబడు. మొదటి రెండు రోజులు చాలాసేపు నిలబడాల్సి వస్తుంది, ఓపిక పట్టు. ఎక్కువ అల్లరి చేసే అబ్బాయికి ఒక పని అప్పగించు, చార్టు తగిలించడమో, హోంవర్క్ పుస్తకాలు పోగు చేయడమో. శిక్షలా కాకుండా నమ్మి ఇవ్వాలి, ఆ తేడా వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

సుద్దముక్క

ఒక మాట కలుపుతాను. గైడ్ టీచర్ స్టాఫ్‌రూమ్‌కి వెళ్లడం సరికాదు. ట్రైనీ వచ్చారంటే మాకు విశ్రాంతి దొరికినట్టు కాదు. కృష్ణాతీరం గారూ, మర్యాదగానే అడగండి, "సార్, ఈ వారం వెనక కూర్చుని నా పాఠం చూసి రెండు మాటలు రాసివ్వండి" అని. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అలాగే టీచర్ సెలవు పెట్టిన ప్రతి గదికీ మిమ్మల్నే పంపుతుంటే మీ కాలేజీ సూపర్‌వైజర్‌కి చెప్పండి. ఒకటి రెండు సార్లయితే వెళ్లండి, కొత్త పిల్లలు పరిచయమవుతారు. రోజూ అదే పని అయితే మీ పాఠాలు పోతాయి.

టెట్ గురించి మందారం అడిగింది. పేపర్-2లో 150 మార్కులకు 30 శిశు వికాసం, బోధనాశాస్త్రం. అది మీ మొదటి సెమిస్టర్‌లో చదివిన పియాజే, వైగాట్‌స్కీల సిద్ధాంతాలే, పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నది. బయాలజీ వాళ్లకు 60 మార్కులు గణితం, సైన్స్. లెక్కలు మర్చిపోయి ఉంటావు కాబట్టి రోజూ రాత్రి ఒక అరగంట ఆరు నుంచి పదో తరగతి వరకు గణితం పుస్తకాలు చెయ్యి. పాఠం చెప్పడానికి చదివే సైన్సు కూడా టెట్‌కి చదివినట్టే. సర్వీసులో ఉన్న టీచర్లకూ టెట్ కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మా వాళ్లు కూడా టెట్ పుస్తకాలు ముందేసుకున్నారు. మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పుడు ట్రైనీలూ సీనియర్లూ ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకుంటున్నారు, చూడటానికి బాగుంది.

మందారం_22

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అబ్జర్వేషన్ వారం అయింది. బెంచీల కాగితం గీసుకున్నాను, పేర్లు చాలావరకు వచ్చేశాయి. పత్తికి వెళ్తున్న ఒక అమ్మాయి శనివారం వచ్చింది. తనతో మాట్లాడాను, సాయంత్రాలు పక్కింటి పిల్ల నోట్సు తీసుకెళ్తుంది, నేను దాంట్లో ముఖ్యమైన చోట గుర్తు పెట్టిస్తున్నాను. కేస్ స్టడీ కోసమని మొదలుపెట్టలేదు, కానీ తన గురించే రాస్తాను.

ఇప్పుడు నా మొదటి పాఠం కణం. ఉల్లిపొర చూపించాలి. బడిలో పని చేసే మైక్రోస్కోప్ ఒక్కటే ఉంది. నలభై మంది, ఒక్క పీరియడ్. చార్టుతో సరిపెట్టేయమని ఒకరు అన్నారు. నాకు ఇష్టం లేదు. ఎలా చేయాలి సార్?

సుద్దముక్క

చార్టు వద్దు. చూపించు తప్పకుండా.

ముందు రోజు సాయంత్రం మైక్రోస్కోప్ తీసి అద్దం, కటకాలు మెత్తటి గుడ్డతో తుడిచిపెట్టుకో. కిటికీ పక్క బల్ల మీద పెట్టు, అద్దాన్ని వెలుతురు వైపు తిప్పి కదలకుండా చూసుకో. ఎండ నేరుగా అద్దం మీద పడకూడదు, కళ్లకు ప్రమాదం. పిల్లలు వంగినప్పుడు మొదట తగిలేది ఆ అద్దమే, వెలుతురు పోయి "ఏం కనబడటం లేదు మేడమ్" అంటారు. అందుకే పక్కన ఒక పిల్లను నిలబెట్టు, అద్దాన్ని ముట్టుకోకుండా చూసే పని ఆమెది.

ఉల్లిగడ్డ రేకును విరిస్తే లోపలి వైపు, గుంటగా ఉన్న వైపు, పల్చటి పొర లేస్తుంది. ఫోర్సెప్స్‌తో చిన్న ముక్క తీసి స్లైడ్ మీద నీటి చుక్కలో పరుచు. ముడత పడితే సూదితో సర్దు. ఒక చుక్క సాఫ్రనిన్, లేకపోతే నీళ్లు కలిపి పల్చన చేసిన అయోడిన్. కవర్ స్లిప్‌ని ఒక అంచు ఆనించి ఏటవాలుగా మెల్లగా దించు. టపీమని వేస్తే గాలి బుడగలు వస్తాయి. పిల్లలు నల్లటి అంచున్న ఆ గుండ్రటి బుడగలను చూసి "కణం కనపడింది" అని కేక వేస్తారు. నువ్వు ముందే ఒక బుడగ ఉన్న స్లైడ్, బుడగ లేని స్లైడ్ రెండూ పెట్టుకుని, ఏది కణమో వాళ్లనే తేల్చమను. ఇటుకలు పేర్చిన గోడలా వరుసగా ఉన్నవి కణాలు, ఒక్కో దాంట్లో రంగు పట్టిన చుక్క కేంద్రకం.

నలభై మంది సంగతి. ఐదుగురు చొప్పున ఎనిమిది గుంపులు. ఒక గుంపు మైక్రోస్కోప్ దగ్గర, మిగతా గుంపులు ఉల్లిపొర తీసి స్లైడ్ చేయడం ప్రయత్నిస్తుంటాయి. చూసి వచ్చినవాళ్లు పుస్తకం మూసి, చూసింది చూసినట్టు బొమ్మ గీయాలి. పుస్తకంలో బొమ్మ చూసి గీస్తే అందంగానే వస్తుంది, కానీ నీకు కావాల్సింది అది కాదు. ఒక్క పీరియడ్‌లో అందరూ చూడలేరు. టైమ్‌టేబుల్‌లో పక్కపక్కన రెండు పీరియడ్లు అడుగు, లెక్కల టీచర్‌తో ఒకటి మార్చుకోవచ్చు. హెచ్ఎం గారిని ముందు రోజే అడిగిపెట్టుకో.

మెథడ్_సార్

మందారం, ఆ రోజు పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకో. ప్రశ్నించడం అనే వరుసలో అవే వేయి. పిల్లలు గీసిన బొమ్మల్లో మూడు నాలుగు, బాగా వచ్చినవీ రానివీ, రికార్డులో అంటించు. తుది పాఠం పరీక్షకు వచ్చే ఎగ్జామినర్ అవి చూస్తే వేరే అడగడు.

అడవితంగేడు

అక్కా, ఎలా జరిగిందో తప్పకుండా రాయండి. మా ఐదో తరగతి పిల్లలకు భూతద్దంతో ఆకు చూపిద్దాం అనుకుంటున్నాను, అలాంటి గుంపులే చేస్తాను.

మందారం_22

హెచ్ఎం సార్ ఒప్పుకున్నారు. గురువారం రెండు, మూడు పీరియడ్లు ఇచ్చారు, లెక్కల మేడమ్ సరేనన్నారు. సాఫ్రనిన్ సీసా ఎండిపోయి ఉంది, అయోడిన్ ఉంది. అద్దం కాపలాకి ఆ పత్తి అమ్మాయినే అడిగాను, గురువారం వస్తానంది. స్లైడ్లు ఎనిమిదే ఉన్నాయి, గుంపుకి ఒకటి సరిపోతాయి కదా సార్?

సుద్దముక్క

సరిపోతాయి. కవర్ స్లిప్‌లు మాత్రం పగులుతాయి, మండల కేంద్రంలో సైన్సు సామాన్లు అమ్మే షాపులో ఒక చిన్న డబ్బా తెచ్చుకో. ఉల్లిగడ్డలు పెద్దవి తీసుకో, పొర తేలిగ్గా వస్తుంది.